పల్లకీ మోసే అర్హత

సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చిన మరుసటి సంవత్సరం, వేసవి సెలవులు ముగిసే రోజుల్లో, నన్ను దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య ఉన్న ఒక వేంకటేశ్వరాలయానికి కార్యనిర్వహణాధికారిగా బదిలీ చేశారు. గ్రేడ్-2 హోదా. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. వనస్థలిపురంలోని మా ఇంటి నుంచి ఒకే బస్సు. నా బదిలీకీ ఆ తీర్పుకూ ఏ సంబంధమూ లేదు. నేను చెప్పబోయే సంగతికి ఉంది. గుడి పేరు చెప్పను, మనుషుల పేర్లు మార్చాను.

ఈవో అనేవాడు గుళ్లో ఏం చేస్తాడని చాలామంది అడుగుతుంటారు. చట్టం దృష్టిలో గుళ్లోని దేవుడు మైనర్. ఆయన తరఫున సంతకాలు పెట్టి, ఆయన వ్యవహారాలు చూసేవాళ్లలో ఈవో ఒకడు. గర్భాలయం గడప లోపల జరిగేదంతా ఆగమశాస్త్రం ప్రకారం అర్చకుల చేతిలో ఉంటుంది. గడప బయట జరిగేవి, అంటే క్యూలైను, ప్రసాదం, కరెంటు, కాపలా వంటివి ఈవో చేతిలో ఉంటాయి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ పడుతుందో తేల్చుకోవడమే మా ఉద్యోగంలో సగం పని.

పల్లకీ సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది. అందులో కూర్చునే ఉత్సవమూర్తి లోపలివాడు. మోసే భుజాలు బయటివి.

మా గుళ్లో ప్రతి శనివారం సాయంత్రం పల్లకీ సేవ. ముందు నలుగురు, వెనక నలుగురు, అందరూ కాలనీవాళ్లే, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు. చూసేవాళ్లకు బరువు మోయడమే కష్టమనిపిస్తుంది గాని అసలు కష్టం అడుగు కలపడం. ఎనిమిది మందీ ఒకే లయలో నడవకపోతే స్వామి ఊగిపోతాడు. రెండు పక్కలా కార్లు, బైకులు ఆపి ఉన్న సందుల్లో, నెత్తి మీద కేబుల్ వైర్లు తప్పించుకుంటూ మెట్రో లైను కనిపించే మలుపు దాకా వెళ్లి వెనక్కి రావాలి. అందుకే ముందు వరసలో ఎడమ చివర నిలబడేవాడు మెల్లగా లెక్క చెబుతూ నడిపిస్తాడు. నేను చేరేనాటికి ఆ చోటు మురళీధర్‌ది. పదకొండేళ్లుగా అతనే.

మురళికి ముప్పై అయిదు దాటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాడు. మీర్‌పేట్‌లో కిరాయి ఫ్లాటు. శనివారం మధ్యాహ్నం క్లాసు ముగించుకుని, గుడి వెనక కుళాయి దగ్గర స్నానం చేసి, పంచె కట్టుకుని సిద్ధమయ్యేవాడు. పల్లకీ దించాక చెమట తుడుచుకుంటూ ధ్వజస్తంభం పక్కన కాసేపు కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆ సమయంలో అతన్ని ఎవరూ పలకరించేవాళ్లు కాదు. నేను నలభై ఏళ్లుగా నిత్యపారాయణ చేసేవాణ్ణి. భక్తి ఉన్న మనిషిని చూస్తే నాకు తెలుస్తుంది.

ముందు వరసలోనే కుడి చివర యాదగిరి ఉండేవాడు. పోచంపల్లి నేతకుటుంబం. వాళ్ల నాన్న హయాంలోనే ఇక్కడికి వచ్చి చీరల దుకాణం పెట్టుకున్నారు. మాట గట్టిది, మనసు మెత్తనిది. మురళిని సొంత తమ్ముడిలా చూసుకునేవాడు. ఇంకా పెళ్లి చేసుకోలేదేందని పోరుపెట్టేది కూడా అతనే.

ఆ కార్తీకమాసంలో యాదగిరి తన మరదలి కూతురి సంబంధం తెచ్చాడు. ఫోటో, జాతకం పట్టుకుని గుళ్లోనే మురళిని కూర్చోబెట్టి మాట్లాడాడు. అక్కడ ఏం జరిగిందో తర్వాత విచారణలో ఇద్దరూ ఒకే రకంగా చెప్పారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. మురళి ఫోటో చూడలేదు. "అన్నా, నీకు అబద్ధం చెప్పలేను. ఆ పిల్ల బతుకు ఖరాబు చెయ్యలేను. నాకు ఫణి ఉన్నడు" అన్నాడు. ఫణి ఎవరో యాదగిరికి తెలుసు. మురళితో అయిదేళ్లుగా ఆ ఫ్లాటులో ఉంటున్న రాజమండ్రి అబ్బాయి, ఫిజియోథెరపిస్టు. యాదగిరి మోకాలి నొప్పికి అతనే వ్యాయామాలు నేర్పాడు. ఇన్నాళ్లూ రూమ్మేట్ అనుకున్నారు.

"ఉన్నడంటే ఏంది?" అని యాదగిరి అడిగాడట. మురళి ఇంకోసారి, ఇంకొంచెం విడమరిచి చెప్పాడు.

పది రోజులకు నా టేబుల్ మీదికి ఒక అర్జీ వచ్చింది. కింద ఇరవైకి పైగా సంతకాలు. మొదటి సంతకం యాదగిరిది. ధర్మవిరుద్ధమైన జీవితం గడుపుతున్న వ్యక్తి స్వామివారి పల్లకీ ముట్టడం అపచారమనీ, అతన్ని వెంటనే సేవ నుంచి తొలగించాలనీ అందులో ఉంది.

ఇలాంటి అర్జీ వస్తే ఏం చేయాలో నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబరు వేయాలి. ఎవరి మీద ఫిర్యాదో అతనికి నకలు ఇచ్చి జవాబు అడగాలి. ఆచారానికి సంబంధించిన విషయమైతే ప్రధానార్చకుల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇరుపక్షాలనూ పిలిచి విచారించి, ధర్మకర్తల మండలి ముందు పెట్టి, చివరికి కారణాలు చూపుతూ ఉత్తర్వు ఇవ్వాలి. ఇందులో ఒక్కటి కూడా నేను చేయలేదు. అర్జీని సొరుగులో పెట్టి, మురళికి ఫోన్ చేసి రమ్మన్నాను.

క్లాసు మధ్యలో వచ్చాడు. వేళ్లకు మార్కర్ ఇంకు ఉంది. నేను అర్జీ చూపించలేదు. కాలనీలో కొంచెం గొడవగా ఉందనీ, కొన్నాళ్లు పల్లకీకి రావద్దనీ అన్నాను. కారణం అడుగుతాడేమోనని జవాబు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు.

"రాసియ్యండి సార్" అన్నాడు.

"రాతకోతలు ఎందుకు మురళీ, కొన్నాళ్లే కదా."

"సరే సార్" అని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. తలనొప్పి ఇంత తేలిగ్గా వదిలిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, నేను చేసింది దైవకార్యానికి మేలనే ఆ రోజు నమ్మాను.

ఆ శనివారం సెక్యూరిటీ గార్డుకు పంచె కట్టించి మురళి చోట నిలబెట్టాం. అతను మిగతావాళ్ల కంటే జానెడు పొట్టి. పల్లకీ ఎడమకు ఒరిగింది, లెక్క చెప్పేవాడు లేక అడుగులు తప్పాయి, మొదటి మలుపులోనే స్వామి మెడలోని తులసిమాల జారి కింద పడింది. అపచారం జరిగిందని కొందరన్నారు. మురళిని తీసేసినందుకే స్వామికి కోపం వచ్చిందని ఒకరిద్దరు గుసగుసలాడారు. రెండూ కాదు, ఎత్తు తేడా. కానీ ఆ గుంపులో, జనాన్ని ఆపే తాడుకు అవతల మురళి నిలబడి ఉన్నాడు. పల్లకీ దాటుతుంటే అందరిలాగే చేతులు జోడించాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థిస్తున్నాడనుకున్నాను. దగ్గరికి వెళ్తే వినపడింది. అడుగుల లెక్క చెబుతున్నాడు.

మరుసటి వారం అతని నుంచి సమాచార హక్కు దరఖాస్తు వచ్చింది. ఒకే ఒక్క ప్రశ్న. "నన్ను పల్లకీ సేవ నుంచి తొలగించిన ఉత్తర్వు నకలు ఇప్పించగలరు." ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఉత్తర్వు ఉంటే కదా నకలు ఇవ్వడానికి.

మా జూనియర్ అసిస్టెంటు సుజాత పాతికేళ్ల సర్వీసున్న మనిషి. నా మొహం చూసి, "పరేషాన్ కాకుండ్రి సార్. పాత తేదీ ఏసి ఒక మెమో కొడ్త. రిజిస్టర్ల మధ్యల ఒక నంబరు ఖాళీ ఉన్నది" అంది. నా మేలు కోరే అంది. మర్నాడు చెబుతానన్నాను. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ మర్నాడు పొద్దున పారాయణకు కూర్చున్నాను. స్వామి పేరు మీద సంతకం పెట్టే మనిషిని. ఆయన పేరు మీద దొంగ తేదీ వేయబోతున్నాను. అదీ ధర్మవిరుద్ధమైన వాడెవడో తేల్చే కాగితం మీద. పారాయణ సాగలేదు. పుస్తకం మూసేసి బస్సెక్కి, ఆఫీసుకు కాకుండా నేరుగా ప్రధానార్చకుల దగ్గరికి వెళ్లాను.

వరదాచార్యుల వారికి అప్పటికి డెబ్బై రెండేళ్లు. వైఖానస సంప్రదాయం. మడి విషయంలో ఎంత కచ్చితమంటే, ఒకసారి ధర్మకర్తల మండలి అధ్యక్షుడి కొడుకు బెల్టు తీయకుండా లోపలికి వచ్చాడని పూజ మధ్యలో గంట వాయించడం ఆపేసి బయటికి పంపారు. ఆయన మురళికి వ్యతిరేకంగా చెబుతారనీ, ఆ అభిప్రాయం ఫైల్లో పెట్టుకుంటే నేను గట్టెక్కుతాననీ ఒక ఆశ. సంగతంతా చెప్పాను. పాత తేదీ మెమో మాట కూడా.

ఆయన తమలపాకులు తుడుస్తూ విన్నారు. "పల్లకీ మోసేవాణ్ణి నేను నాలుగు అడుగుతాను" అన్నారు. "స్నానం చేశావా. ఇంట్లో ఆశౌచం ఏమన్నా ఉందా. మద్యం ముట్టావా. పంచె కట్టావా. ఇంతే. మా నాన్నగారూ ఇవే అడిగేవారు. ఐదో ప్రశ్న ఒకటుందని నాకెవరూ చెప్పలేదు."

"కానీ స్వామీ, మీకు ఇది సమ్మతమేనా?"

"నా సమ్మతి అడుగుతున్నారా, ఆగమం అడుగుతున్నారా? నాకైతే మింగుడు పడటం లేదు. పాతవాణ్ణి. కానీ నాకు మింగుడు పడనివన్నీ స్వామికీ పడవని ఎట్లా చెప్పను? ఆయనకూ నాకూ తేడా ఉండొద్దూ?" ఆకులు పక్కన పెట్టారు. "అయినా ఆ కుర్రవాడు చేసింది ఏంటండీ? ఓ ఆడపిల్లను మోసం చేయనన్నాడు. అట్లాంటివాడి భుజం పనికిరాదని రాసివ్వమంటారా? నేను రాయను. ఈ నాలుగూ రాసిస్తాను, తీసుకోండి."

తెల్లకాగితం మీద నాలుగు వరసలు రాసి సంతకం పెట్టారు. నా సర్వీసులో నేను ఫైల్లో పెట్టిన అతి చిన్న శాస్త్రాభిప్రాయం అదే.

ఆఫీసుకు వచ్చి అర్జీని సొరుగులోంచి తీసి, ఆ రోజు తేదీతోనే నంబరు వేయించాను. దరఖాస్తుకు జవాబు కూడా నేనే రాశాను. "మీరు కోరిన ఉత్తర్వు ఏదీ ఈ కార్యాలయంలో లేదు. మిమ్మల్ని రావద్దని కార్యనిర్వహణాధికారి నోటిమాటగా చెప్పారు." సుజాత టైపు చేసి, ఒకటికి రెండుసార్లు చదివి, సంతకానికి పెట్టింది.

విచారణ కల్యాణమండపంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం. మండలి అధ్యక్షులు భాస్కరరావు గారు, నేను, ఆచార్యులు ఒక పక్క. ఎదురుగా యాదగిరి, అతనితో నలుగురు. ఇటు మురళి. అతనితో ఫణి వచ్చాడు. ఫణికి దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. శనివారాలు గుడి మెట్ల మీద మురళి చెప్పులు చూసుకుంటూ ఫోన్‌లో క్రికెట్ చూస్తుంటాడని తర్వాత తెలిసింది.

యాదగిరి వాదన నేను అనుకున్నంత ముతకగా లేదు. "కోర్టు నేరం కాదన్నది సార్, కాదనను. పుణ్యమని అనలేదు గద. గుడికి కోర్టుకు ఫరక్ ఉండాల్నా వద్దా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రాసుకున్నాను. తర్వాత మురళి వైపు తిరిగాడు. గొంతు మారింది. "పదకొండేండ్లు నా పక్కన నిలబడ్డవ్. దేవుడంటే భయం లేదారా నీకు?"

"భయముంటే నీకు అబద్ధం చెప్పి ఆ పిల్లను చేసుకుంటుంటి అన్నా" అన్నాడు మురళి. "భయం లేదు గనకనే నిజం చెప్పిన. స్వామికి ముందే తెల్వదా నా సంగతి? తెలిసే పదకొండేండ్లు మొయ్యనిచ్చిండు."

ఫణిని ఏమైనా చెబుతారా అని అడిగాను. "నాకు ఈ విషయాలు పెద్దగా తెలియవండీ" అన్నాడు. "శనివారం వస్తే ఆయన వేరే మనిషైపోతారు. ఈ నెల రోజుల నుంచీ ఇంట్లో హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నారండీ. చూడలేకపోతున్నాను."

అదంతా వింటూ నేను ఒక సంగతి గమనించుకున్నాను. విశ్వాసం ఒక పక్షమనీ, మురళి హక్కు రెండో పక్షమనీ అనుకుని ఆ గదిలోకి వచ్చాను. నేను మధ్యలో తరాజు పట్టుకున్నవాణ్ణని. కానీ రెండు పక్షాలూ దేవుణ్ణే అడుగుతున్నాయి. అందరికంటే తక్కువ విశ్వాసంతో ప్రవర్తించింది నేను. నేను చూసుకుంది స్వామిని కాదు, గొడవ లేకపోవడాన్ని.

ఉత్తర్వు ఒకటిన్నర పేజీ. పల్లకీ మోయడానికి అర్హతలు ప్రధానార్చకులు రాసిచ్చిన నాలుగే అనీ, అవి ఉన్న భక్తుణ్ణి ఇంటి జీవితం కారణంగా తొలగించే అధికారం ఈ కార్యాలయానికి లేదనీ రాశాను. పాపపుణ్యాల నిర్ణయం అర్జీదారులు అడగవచ్చు గాని అది ఇవ్వగల హోదా నాకు లేదని ఒక వాక్యం, యాదగిరి ప్రశ్నకు జవాబుగా. చివరి పేరాలో, మొదట మురళీధర్‌ను రావద్దని చెప్పింది నేనేననీ, అది విచారణ లేకుండా, అధికారం లేకుండా చెప్పిన మాట అనీ రాశాను. భాస్కరరావు గారు ఆ పేరా తీసేయమన్నారు. "మీ మెడకే చుట్టుకుంటుందండీ, అనవసరం కదా" అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. తీయలేదు. నోటిమాటగా జరిగిన తప్పును నోటిమాటగానే సర్దేస్తే, మళ్లీ ఎవరో ఒకరు అదే దారి పడతారు.

మెడకు చుట్టుకుంది కూడా. అర్జీదారుల్లో కొందరు పైకి అప్పీలుకు వెళ్లారు. పై అధికారి నన్ను సంజాయిషీ అడిగారు. ఉత్తర్వులో తప్పేమీ లేదని నిలబెట్టారు. నోటిమాటతో ఒక భక్తుణ్ణి ఆపినందుకు నాకు హెచ్చరిక మెమో ఇచ్చారు. సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కింది. సరైన నిర్ణయం. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే ఇచ్చేవాణ్ణి.

మురళి తిరిగి తన చోట నిలబడ్డ శనివారం యాదగిరి రాలేదు. ఇంకో ఇద్దరు మానేశారు. మనుషులు తక్కువై రెండు నెలలు పల్లకీని ప్రాకారం లోపలే తిప్పాం. మళ్లీ వీధిలోకి తెచ్చాక కాలనీలో కొన్ని ఇళ్లవాళ్లు పల్లకీకి హారతి పట్టడం ఆపేశారు. కొందరు మాత్రం, అంతకుముందు గుమ్మంలోంచే చూసేవాళ్లు, వచ్చి భుజం కలుపుతామన్నారు. ఆచార్యులు ఒక్కొక్కరినీ నాలుగు ప్రశ్నలూ అడిగి చేర్చుకున్నారు.

ఆ రథసప్తమికి మురళీ ఫణీ కలిసి అర్చన చేయించడానికి వచ్చారు. అర్చనకు ముందు సంకల్పంలో గోత్రం, ఇంటివాళ్ల పేర్లు చెప్పాలి. మురళి తన గోత్రం, రెండు పేర్లు చెప్పాడు. చిన్న అర్చకుడు ఆగిపోయి, సహకుటుంబానాం అనాలా, విడివిడిగా చెప్పాలా అని ఆచార్యుల వైపు చూశాడు. ఆచార్యులు పళ్లెం తనే అందుకుని, రెండు పేర్లూ చదివి, "సహకుటుంబానాం" అని ముందుకు సాగిపోయారు. నేను తర్వాత అడిగాను. "ఒకే ఇంటి నుంచి వచ్చారు, ఒకే కొబ్బరికాయ తెచ్చారు. ఇంకేమనమంటారు?" అన్నారు. మింగుడు పడిందా అని అడగలేదు. అది నా ఫైలు కాదు.

యాదగిరి ఏడాదిన్నర తర్వాత వచ్చాడు. ముందు వరసకు రానన్నాడు. వెనక కుడి చివర నిలబడ్డాడు. మురళితో మాట్లాడడు. అడుగు మాత్రం అతని లెక్కకే వేస్తాడు. నేను రిటైరయ్యే నాటికి అంతవరకే వచ్చింది. అంతకంటే ఎక్కువ జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఇందులోంచి నేను నేర్చుకున్నవి రెండున్నాయి. మొదటిది విశ్వాసం గురించి. భక్తుడు ఇలాంటి మనుషుల పక్షాన నిలబడాలంటే తన భక్తిని కొంత వదులుకోవాలని నేను అనుకునేవాణ్ణి. వదులుకోనక్కర్లేదు. నా అభ్యంతరాన్ని దేవుడి అభ్యంతరంగా చలామణీ చేయకుండా ఉంటే చాలు. ఆ తర్వాత మన చేతిలో మిగిలే పని, ఆ మనిషికి దక్కవలసింది దక్కేలా చూడటం. నా పారాయణ ఇప్పటికీ సాగుతోంది.

రెండోది ఉద్యోగం గురించి. రాతలో పెట్టలేని ఉత్తర్వు ఇవ్వకూడదు. రాయడానికి చెయ్యి ఆడకపోతే, ఆ మాట అనడానికి నోరూ ఆడకూడదు. నోటిమాటకు నకలుండదు, దాని మీద అప్పీలుకు వెళ్లే దారి ఉండదు. ముప్పై మూడేళ్ల సర్వీసులో మర్యాదగా, కొన్నాళ్లు రావద్దని నేను వెనక్కి పంపినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక గుళ్లో సన్నాయి వాయించేవాడు, ఇంకో చోట కల్యాణంలో పాడతానని వచ్చిన ఒక వితంతువు, ఇంకా కొందరు. వాళ్లలో ఎవరూ రాసిమ్మని అడగలేదు. వాళ్ల పేర్లు వెతుకుదామంటే నా దగ్గర ఏ ఫైలూ లేదు.